బరువు చూసి, గీత గీసి, ఆ తర్వాతే బేరం

రాళ్లూ ఖనిజాలూ: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి సగం "ఫొటో పంపించా సార్, ఏం రాయో చెప్పండి" అనే రకమే. ఫొటో చూసి లోహ ఖనిజం పేరు చెప్పేవాణ్ణి నేను నమ్మను, ఆ పని నేనే చేస్తే నన్నూ నమ్మొద్దు, ఎందుకంటే నల్లగా మెరిసేవన్నీ ఫొటోలో అన్నదమ్ముల్లాగే ఉంటాయి. అందుకని ఓ నాలుగు ఉత్తరాలు తీసుకుని కాస్త వివరంగా రాస్తున్నా, మిగతావాళ్ల రాళ్లు కూడా చాలావరకు వీటిలోనే తేలిపోతాయి. పేర్లు వద్దన్నారు కాబట్టి ఏ వైపు నుంచి రాశారో అదొక్కటే వేస్తున్నాం.

ప్రశ్న (సైదాపురం వైపు నుంచి): సార్, మా నాయన మైకా గనుల్లో పనిచేసినోడు. ఆ గనులు ఎప్పుడో మూతపడ్డాయి, ఇప్పుడు ఆ గుంటల్లో నీళ్లు, చుట్టూ కంపచెట్లు. పోయిన వానాకాలం మేకల్ని తోలకపోయినప్పుడు తవ్విపోసిన దిబ్బ మీద నల్లటి రాయి ఒకటి దొరికింది. పిడికెడే ఉండాది గానీ ఎత్తితే చెయ్యి కిందకి లాగేస్తా ఉంది. ఒక పక్క తెల్ల పలుగురాయి అంటుకోని ఉంది. టౌన్లో ఒకాయన చూసి ఇది కోల్టాన్, సెల్‌ఫోన్లలో వాడేది, కిలో లెక్కన కొంటా, ఎవురికీ చూపించబాక అన్నాడు. ఇంకొకాయన ఇది ఉత్త ఇనుప రాయి, గోడలో పెట్టుకో పో అన్నాడు. ఎవుర్ని నమ్మాల? ఇంట్లోనే తేల్చుకునే దారి ఏదన్నా ఉందా?

జవాబు: ఇద్దర్నీ కాసేపు పక్కన పెట్టండి. "ఎత్తితే చెయ్యి కిందకి లాగేస్తా ఉంది" అన్నారు చూడండి, మీ ఉత్తరం మొత్తంలో అసలు మాట అదే, రంగు గురించి మీరు రాసినదానికన్నా అది పదింతలు ఎక్కువ చెప్తోంది. రెండో మంచి మాట పలుగురాయి అంటుకుని ఉండటం, అంటే రాయి ఎక్కణ్ణుంచో కొట్టుకొచ్చింది కాదు, ఆ గనిలోదే.

నెల్లూరు వైపు గూడూరు, సైదాపురం, రాపూరు, ఆత్మకూరు, కావలి ఈ మైకా (అభ్రకం) బెల్ట్ అంతా పెగ్మటైట్ అనే రాతి మయం. భూమి లోపల కరిగిన రాయి చల్లారేటప్పుడు మామూలు మూలకాలన్నీ ముందే తమ తమ ఖనిజాల్లో సర్దుకుని గట్టిపడిపోతాయి, నయోబియం, టాంటలం, బెరీలియం, యురేనియం లాంటివి మాత్రం వాటి సైజు వల్లో విద్యుదావేశం వల్లో ఆ మామూలు ఖనిజాల్లో ఇమడక చివరి దాకా ద్రవంలోనే మిగిలిపోతాయి, బస్సులో సీటు దొరకనివాళ్లంతా ఆఖరి బస్సులో ఎక్కినట్టు. ఆ ఆఖరి ద్రవం గట్టిపడితే వచ్చేదే పెగ్మటైట్. అందుకే మీ నాయన చేతుల మీదుగా పోయిన ఆ పెద్ద పెద్ద అభ్రకం పలకల పక్కనే బెరిల్, కొలంబైట్, సమార్‌స్కైట్ లాంటి అరుదైనవి కూడా అక్కడక్కడా పడతాయి. అప్పట్లో వాళ్లకి కావాల్సింది మైకా ఒక్కటే, మిగిలిందంతా దిబ్బ మీదకే పోయింది. కాబట్టి టౌన్లో ఆయన చెప్పింది అసాధ్యం కాదు. కోల్టాన్ అంటే కొలంబైట్‌కీ టాంటలైట్‌కీ కలిపి ఆఫ్రికాలో కాంగో వైపు వాడే వ్యాపారం పేరు, టాంటలంతో ఫోన్లలో వాడే చిన్న చిన్న కెపాసిటర్లు చేస్తారు, అదీ నిజమే.

కానీ ఒక సంగతి. అదే దిబ్బ మీద నల్లరాయి దొరికిందంటే పదింట తొమ్మిదిసార్లు అది నల్ల టూర్మలిన్ అనే మామూలు ఖనిజం. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో నేనూ ఇలాంటి దిబ్బ మీదే ఒక సంచీ నిండా నల్లరాళ్లు ఏరి, జన్మ ధన్యమైందనుకుని మోసుకొచ్చా. మాతో ఒక ముసలి మేస్త్రీ ఉండేవాడు, గనుల్లోనే పుట్టి పెరిగినట్టుండేవాడు, చదువు లేదు. ఆయన చెట్టు కింద కూర్చుని సంచీ బోర్లించి, ఈ చేతిలో ఒకటి ఆ చేతిలో ఒకటి ఎత్తి చూడటం, ఒకటి వెనక్కి విసిరేయడం, మళ్లీ ఇంకోటి ఎత్తడం, కళ్లు రాళ్ల మీద లేవు, నాతో పిల్లల పెళ్లిళ్ల గురించి మాట్లాడుతూనే ఉన్నాడు. అయిదు నిమిషాల్లో నా సంచీలో మిగిలినవి మూడు. విసిరేసినవన్నీ టూర్మలిన్, ఆ మూడూ కొలంబైట్. నాలుగేళ్లు కాలేజీలో చదివింది ఆయన రెండు అరచేతుల్లో ఉంది.

మీకు అరచేతి అనుభవం లేకపోయినా ఫర్లేదు, వంటింట్లో వాడే డిజిటల్ కాటా ఉంటే చాలు, పచారీ కొట్లో అడిగినా ఇస్తారు. ముందు రాయిని బ్రష్‌తో కడిగి ఆరబెట్టి తూకం వేయండి. అనుకుందాం 312 గ్రాములు వచ్చింది, రాసుకోండి. ఇప్పుడు ఒక ప్లాస్టిక్ డబ్బాలో సగానికి నీళ్లు పోసి కాటా మీద పెట్టి బటన్ నొక్కి సున్నా చేయండి. రాయికి సన్నటి దారం కట్టి, దారం చేత్తోనే పట్టుకుని, నీళ్లలో పూర్తిగా మునిగేలా దించండి, అడుగుకీ గోడలకీ మాత్రం తగలకూడదు, గాలి బుడగలు అంటుకుని ఉంటే ఒకసారి కదిపి వదిలించండి. కాటా ఇప్పుడు ఒక అంకె చూపిస్తుంది, అది రాయి పక్కకి తోసిన నీళ్ల బరువు. మొదటి బరువుని దీంతో భాగించండి. 55 చూపిస్తే 312ని 55తో భాగిస్తే 5.67. 100 చూపిస్తే 3.12. అంతే, ఇంతకు మించి లెక్క లేదు, దీన్నే స్పెసిఫిక్ గ్రావిటీ అంటారు, చిన్నప్పుడు స్కూల్లో సాపేక్ష సాంద్రత అని బట్టీపట్టింది ఇదే.

3.1, 3.2 దగ్గర ఆగితే టూర్మలిన్, గొడవ లేదు. 4.7 దగ్గరుంటే ఇనుము, టైటానియం కలిసిన ఇల్మనైట్ కావచ్చు. 5.2 దగ్గర రెండు దారులున్నాయి, మాగ్నెటైట్ అనే ఇనుప ఖనిజం కూడా అక్కడే ఉంటుంది, కొలంబైట్ కూడా అక్కడే మొదలవుతుంది. అక్కణ్ణుంచి పైకి పోయే కొద్దీ 6, 7, దాదాపు 8 వరకు కొలంబైట్ నుంచి టాంటలైట్ వైపు పోతున్నట్టు, ఎందుకంటే రెండూ ఒకే ఖనిజపు రెండు కొసలు, నయోబియం ఎక్కువైతే తేలిక, టాంటలం ఎక్కువైతే బరువు. అంటే రాయి ఈ జాతిదే అయితే లోపల ఏ లోహం ఎక్కువుందో కూడా కాటా ఉజ్జాయింపుగా చెప్పేస్తుంది. అన్నట్టు మీ రాయికి పలుగురాయి అంటుకుని ఉందన్నారు, పలుగు 2.65 మాత్రమే, అది కొంచెమున్నా మొత్తం అంకెని కిందకి లాగేస్తుంది, కాబట్టి మీకు 4.5 వచ్చినా వెంటనే నిరాశ పడొద్దు, వీలైతే పలుగు లేని ముక్కతో మళ్లీ చేయండి.

మాగ్నెటైట్‌ని వేరు చేయడానికి పాత స్పీకర్లోది మాగ్నెట్ తీసి దారంతో వేలాడదీసి రాయి దగ్గరకి తీసుకెళ్లండి. మాగ్నెటైట్ అయితే టక్కున వచ్చి అతుక్కుంటుంది, ఇక ఇనుప రాయి అన్నాయనే గెలిచినట్టు. కొలంబైట్ దగ్గర దారం అలా కదలదు, ఎంత శక్తిగల మాగ్నెట్ పెట్టినా కొంచెం ఊగిందా లేదా అన్నట్టుంటుంది.

తర్వాత గీత. టీ కప్పు బోర్లిస్తే అడుగున గరుకుగా నునుపు పూత లేని రింగు ఒకటి ఉంటుంది చూశారా, దాని మీద రాయి అంచుతో గట్టిగా గీయండి. తెల్లటి టైలు వెనకవైపైనా పర్లేదు గానీ కొన్ని టైళ్ల వెనక ఎర్రగా ఉంటుంది, అది పనికిరాదు. పైకి రాయి ఏ రంగులో ఉన్నా పొడి రంగు అబద్ధం చెప్పదు. కొలంబైట్ గీత ముదురు ఎరుపు గోధుమ నుంచి నలుపు దాకా ఉంటుంది. మాగ్నెటైట్ నలుపు. ఇంకో ఇనుప ఖనిజం హెమటైట్ అయితే పైకి నల్లగా వెండిలా మెరిసినా గీత మాత్రం ఎండిన నెత్తురు రంగు. టూర్మలిన్ కప్పునే గీరేస్తుంది గానీ రంగు గీత వదలదు. మాంగనీస్ రాయి అయితే గీయనక్కర్లేదు, పట్టుకుంటేనే వేళ్లకి మసి అంటుతుంది, గరివిడి, చీపురుపల్లి వైపువాళ్లకి ఇది చెప్పాల్సిన పన్లేదు.

ఆకారం కూడా చూడండి. టూర్మలిన్ నిలువు గీతలతో పెన్సిళ్ల కట్టలా ఉండి, అడ్డంగా విరిగితే మూడు మూలల గుండ్రటి త్రికోణం కనపడుతుంది. కొలంబైట్ ఎక్కువగా బల్లపరుపు పలకలు, కొన్నిటి మీద పెట్రోలు పడ్డ నీళ్ల మీద తేలినట్టు నీలం ఊదా రంగు పొర సన్నగా ఉంటుంది. టంగ్‌స్టన్ ఇచ్చే వుల్‌ఫ్రమైట్ కూడా నల్లగా బరువుగానే ఉంటుంది, 7 పైనే, కానీ అది ఒకవైపు అద్దంలా పొరగా చీలుతుంది, చాకు మొనతో గట్టిగా గీస్తే గీత పడుతుంది. కొలంబైట్ మీద చాకు జారిపోతుంది.

ఇప్పుడు ఒక జాగ్రత్త. విరిగిన చోట పగిలిన సీసా పెంకులా నున్నగా వంపు తిరిగి, తారులా నిగనిగలాడుతూ, బయటవైపు గోధుమ రంగు తొక్క కట్టి ఉంటే అది సమార్‌స్కైట్ కావచ్చు. మీ నెల్లూరు పెగ్మటైట్లు దీనికి ప్రసిద్ధి. దీంట్లో యురేనియం ఉంటుంది. అది ఉన్న చోట చుట్టూ ఉన్న ఫెల్డ్‌స్పార్ అనే లేత రంగు ఖనిజంలో చక్రానికి ఆకుల్లా పగుళ్లు బయలుదేరి ఉంటాయి, పక్కన పలుగురాయి పొగచూరినట్టు నల్లబడి ఉంటుంది, లక్షల కోట్ల సార్లు లోపల అణువులు చిట్లిన దెబ్బ అది. అలాంటిది కనపడితే పొడి చేయొద్దు, గీత పరీక్ష కూడా మానేయండి, పడుకునే గదిలో పెట్టుకోవద్దు, పట్టుకున్నాక చేతులు కడుక్కోండి. ఒకసారి ముట్టుకున్నంత మాత్రాన ఏం కాదు, భయపడి బావిలో మాత్రం పారేయకండి. దీనికి రష్యా గనుల ఇంజనీరు సమార్‌స్కీ పేరు పెట్టారు, 1879లో దీన్నుంచే సమారియం అనే మూలకం బయటపడింది, అలా ఒక గనుల ఉద్యోగి పేరు మూలకాల పట్టికలోకి ఎక్కింది. గనుల్లో పనిచేసిన మీ నాయనకి ఈ ముక్క చదివి వినిపించండి.

ఈ నయోబియం, టాంటలం జంట శాస్త్రవేత్తల్నే తిప్పలు పెట్టింది లెండి. 1801లో హాచెట్ అనే ఇంగ్లీషాయన మ్యూజియంలో పడి ఉన్న అమెరికా నల్లరాయిలో కొత్త మూలకం పట్టుకుని కొలంబియం అన్నాడు, 1802లో స్వీడన్‌లో ఎకెబెర్గ్ టాంటలం అన్నాడు, తర్వాత చాలాకాలం రెండూ ఒకటే అనుకున్నారు, 1844లో జర్మనీ ఆయన రోజ్ వచ్చి ఒకటి కాదు రెండని తేల్చి, గ్రీకు కథల్లో టాంటలస్ కూతురు నయోబీ కాబట్టి రెండోదానికి నయోబియం అని పేరు పెట్టాడు. అంతటివాళ్లే 40 ఏళ్లు తికమక పడితే టౌన్లో ఆయన ఒక్క చూపులో తేల్చేశాడంటే ఏమనాలి.

ఇక అమ్మకం సంగతి. లీజు లేకుండా ఖనిజం తవ్వి అమ్మడం గనులు, ఖనిజాల చట్టం (ఎంఎండీఆర్) ప్రకారం నేరం. నయోబియం, టాంటలం ఖనిజాలు 2023 వరకు అణు ఖనిజాల జాబితాలో ఉండేవి, ఆ ఏడు చట్టం సవరించి కీలక ఖనిజాల జాబితాలోకి మార్చారు, అయినా గనులు కేంద్రం వేలం వేస్తేనే. "ఎవురికీ చూపించబాక" అని కొనేవాడు అన్నాడంటే ఎందుకన్నాడో అర్థమయిందిగా. పిడికెడు రాయితో మీరూ కోటీశ్వరులు కారు, అలాంటి ముక్కలు ఎన్నో కలిసి ఒక చోట ఉంటేనే దానికి విలువ. కాటా, మాగ్నెట్, కప్పు మూడూ కొలంబైట్ వైపే చూపిస్తే దిబ్బ ఎక్కడుందో కాగితం మీద రాసుకుని, హైదరాబాద్ బేగంపేటలో అటామిక్ మినరల్స్ డైరెక్టరేట్ ఉంది, బండ్లగూడలో జియలాజికల్ సర్వే ఆఫీసు ఉంది, వాళ్లకి రాయండి, ఫొటోతో పాటు ఆ బరువు లెక్క కూడా పంపండి, ఫొటో ఒక్కటే వస్తే పక్కన పెట్టేసేవాళ్లు కూడా 5.67 అని చూస్తే ఆగి చదువుతారు.

ప్రశ్న (తిరుపతి నుంచి, ఎమ్మెస్సీ విద్యార్థి): మాస్టారూ, ప్రాజెక్టు పనిమీద తమిళనాడులో హరూర్, ఊత్తంగరై వైపు వెళ్లాం. పలుగు చారల్లో వెండి రంగు రేకులు కనిపించాయి, వేలితో రుద్దితే మసి అంటుతోంది, కాగితం మీద గీస్తే రాస్తోంది. నేను మాలిబ్డెనైట్ అన్నా, ఫ్రెండ్ గ్రాఫైట్ అని పందెం కట్టాడు. ల్యాబ్ రిపోర్ట్ రావడానికి టైం పడుతుంది, ఈలోపు తేల్చుకోవచ్చా?

జవాబు: తమ్ముడూ, పందెం ఎంతో రాయలేదు. హరూర్, ఊత్తంగరై బెల్ట్ మాలిబ్డెనం దొరికే చోటుగా పేరున్నదే కాబట్టి మొగ్గు నీవైపే ఉంది, కానీ చోటు పేరు చూసి ఖనిజం పేరు పెట్టేయడం నీ ఫ్రెండ్ ఒప్పుకోడు, నేనూ ఒప్పుకోను.

మాలిబ్డెనైట్ మాలిబ్డెనం లోహం ఇచ్చే ఖనిజం, గ్రాఫైట్ పెన్సిల్లో ఉండేది, రెండూ మెత్తనివే, గోటితో గీరొచ్చు, రెండూ రేకులుగా ఊడతాయి, రెండూ జిడ్డుగా ఉంటాయి. మనవాళ్లు చాలామంది చేసే పొరపాటు ఏంటంటే కాగితం మీద గీసి చూడటం, అక్కడ రెండూ ఒకేలా కనపడతాయి. నీళ్లలో వేసి తేలిందా మునిగిందా అని కూడా చూడకు, గ్రాఫైట్ 2.2, మాలిబ్డెనైట్ 4.7 అయినా రెంటికీ నీళ్లంటే పడదు, సన్న రేకు ఏదైనా పైనే తేలుతుంది, కార్ఖానాలో నురగతో మాలిబ్డెనైట్‌ని వేరు చేసేది ఆ గుణం పట్టుకునే.

కప్పు లోపలివైపు, అంటే నున్నటి తెల్ల పూత ఉన్నవైపు రేకుని రుద్దు, ఆ మరకని వేలితో పల్చగా పులుము, ఎండలోకి తీసుకెళ్లి చూడు. గ్రాఫైట్ అయితే ఎంత పులిమినా నలుపు బూడిద రంగే. మాలిబ్డెనైట్ అయితే పల్చబడే కొద్దీ సన్నగా పచ్చ ఛాయ తేలుతుంది. మొదటిసారి చూసినప్పుడు నాకూ అది పచ్చా అని అనుమానమే వచ్చింది, పక్కనే పెన్సిల్‌తో ఇంకో మరక పెట్టి పోల్చి చూస్తేనే తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది, కాబట్టి పెన్సిల్ మరక తప్పకుండా పెట్టు. రేకు రంగు కూడా అంతే, మాలిబ్డెనైట్‌లో కొంచెం నీలి ఛాయ ఉంటుంది, పక్కపక్కన పెడితే గ్రాఫైట్ బొగ్గులా, మాలిబ్డెనైట్ కొత్త సీసంలా కనపడుతుంది.

మల్టీమీటర్ ఉంటే ఇంకా సులువు, కంటిన్యూటీలో పెట్టి ఒకే రేకు మీద రెండు పిన్నులు ఆనించు. గ్రాఫైట్ బీప్ మంటుంది, మాలిబ్డెనైట్ కరెంటుని అంతంతమాత్రంగా పోనిచ్చే సెమీకండక్టర్ కాబట్టి మామూలుగా నోరు విప్పదు. రేకు పక్కన పలుగులో పసుపు పొడి మరకలు ఏమైనా ఉన్నాయా చూశావా? మాలిబ్డెనైట్ గాలికీ వానకీ చెడితే అలాంటి పసుపు పొడి వస్తుంది, గ్రాఫైట్ ఎన్ని వానలకైనా అలాగే ఉంటుంది. మన తూర్పు కనుమల్లో ఖోండలైట్ అనే రాతిలో కనపడే రేకులు, విశాఖ నుంచి తూర్పు గోదావరి ఏజెన్సీ దాకా, అవి దాదాపు ఎప్పుడూ గ్రాఫైటే, ఆ వైపు నుంచి రాసిన ముగ్గురికీ ఇదే జవాబు.

ఈ పందెం పాతది తమ్ముడూ. పూర్వం యూరప్‌లో ఈ రెండిటికీ, సీసం ఖనిజానికీ కలిపి ఒకే పేరు వాడేవాళ్లు, గ్రీకులో మాలిబ్డోస్ అంటే సీసమే. 1778లో షీలే అనే మందుల కొట్టు కుర్రాడు, మామూలువాడు కాదులే, ఈ రేకుల్ని నైట్రిక్ యాసిడ్‌లో మరిగిస్తే తెల్ల పొడి మిగిలింది, గ్రాఫైట్‌కి అలా రాలేదు, రెండూ వేరని అలా తేలింది. మూడేళ్లకి, 1781లో ఆయన స్నేహితుడు యెల్మ్ లోహాన్ని వేరు చేశాడు. ఆ గందరగోళం గుర్తుగా ఇప్పటికీ మన పిల్లలు పెన్సిల్ లెడ్ విరిగిందంటారు, అందులో సీసం ఏనాడూ లేదు. నువ్వు మాత్రం యాసిడ్ జోలికి హాస్టల్ గదిలో పోకు.

ప్రశ్న (నిజామాబాద్ జిల్లా నుంచి): సార్, మా పొలం దున్నుతుంటే నల్లరాళ్లు మస్తుగ తేలుతున్నయి. బరువుంటయి, పైన కరిగి కారినట్టున్నయి, అక్కడక్కడ బుడగలు బుడగలుగ రంధ్రాలు. మాగ్నెట్ కొద్దిగ పడుతున్నది. మా కాక ఇవి ఆకాశం నుంచి పడ్డ ఉల్కలు అంటున్నడు. అమ్మితే లక్షలొస్తయట, నిజమేనా?

జవాబు: మస్తుగా తేలుతున్నాయన్నప్పుడే అనుమానం వచ్చింది, రంధ్రాలు అనగానే తేలిపోయింది. ఉల్కకి బుడగల రంధ్రాలు దాదాపు ఉండవు, పైన గుడ్డు పెంకంత మందం నల్ల తొక్క, మెత్తటి మట్టిలో బొటనవేలు నొక్కినట్టు గుంటలు, అంతే. ఒక మూల ఆకురాయితో అరగదీస్తే ఉల్క లోపల తెల్లటి లోహపు చుక్కలు మెరుస్తాయి. మీ దాంట్లో గాజులా నల్లగా కనపడుతుంది, చేసి చూడండి. అవి చిట్టెపురాళ్లు, ఇనుము కరిగించినప్పుడు కొలిమి అడుగున మిగిలే చిట్టెం.

లక్షలు రావు గానీ తీసిపారేయాల్సిన సంగతి కూడా కాదు. మీ జిల్లాలోనే కోనసముద్రంలో తయారైన ఉక్కు డమాస్కస్ కత్తుల దాకా పోయింది. 19వ శతాబ్దం మొదట్లో వాయ్సీ అనే డాక్టరు, జియాలజిస్టు కూడా ఆయనే, ఆ కొలుముల్ని కళ్లారా చూసి రాశాడు, అప్పటికి పర్షియా వర్తకులు అంత దూరం నుంచి వచ్చి కూర్చుని ఉక్కు కొనుక్కుపోతున్నారు. మీ పొలంలో చిట్టెం ఒక చోటే కుప్పగా ఉంటే, మట్టి గొట్టాల ముక్కలు గానీ కాలిన ఎర్ర మట్టి గోడలు గానీ కనిపిస్తే అక్కడ దున్నడం కొంచెం ఆపి పురావస్తు శాఖవాళ్లకి చెప్పండి. కాకకి నా నమస్కారం, ఉల్క కాదని చెప్పినందుకు కోపం తెచ్చుకోవద్దనండి.

ప్రశ్న (హైదరాబాద్ నుంచి, గృహిణి): అన్నయ్యా, ఇది రాయి గురించి కాదు, కానీ ఎవర్ని అడగాలో తెలియక రాస్తున్నా. మా బావగారు రిటైరయ్యాక ఎవరో పరిచయమై, పాత రాగి చెంబు ఒకటి ఉంది, పిడుగు పడి అందులో ఇరిడియం చేరింది, బియ్యం గింజల్ని లాగుతుంది, విదేశాల్లో అంతరిక్షం వాళ్లు కోట్లకి కొంటారు అని చెప్పారు. బావగారు కళ్లారా చూశారట, బియ్యం నిజంగానే కదిలాయట. టెస్టింగ్ ఖర్చులని ఇప్పటికే రెండు లక్షలిచ్చారు, ఇంకో యాభై వేలు అడుగుతున్నారు. అసలు ఇరిడియం అలా లాగుతుందా?

జవాబు: లాగదమ్మా. ఇరిడియం అరుదైన లోహమే, అందులో అబద్ధం లేదు, అందుకే ఈ మోసానికి దాని పేరు వాడుకున్నారు. 1803లో టెనెంట్ అనే ఆయన ప్లాటినం కరిగించగా మిగిలిన నల్ల మడ్డిలో దాన్ని కనుక్కున్నాడు, ఇప్పటికీ ఎక్కువగా దక్షిణాఫ్రికాలో ప్లాటినం గనుల్లోనే దాంతో పాటు కొద్ది కొద్దిగా వస్తుంది, స్పార్క్ ప్లగ్గుల్లో వాడతారు. దానికి అయస్కాంత గుణం లేదు, బియ్యానికీ లేదు. పిడుగు పడితే రాగి వేడెక్కుతుంది, కరుగుతుంది, అంతేగానీ ఇరిడియంగా మారదు. బియ్యం కదలడం ఎలాగంటే, గింజలకి ముందే ఇనుప పొడి పట్టించి చెంబులో మాగ్నెట్ దాస్తారు, పోలీసులు పట్టుకున్న ముఠాల దగ్గర బయటపడిన కిటుకు ఇదే. మీ వంటింట్లో డబ్బాలోంచి మీ చేత్తో తీసిన బియ్యం వేయమనండి, ఆ రోజు చెంబుకి ఏదో ఒక దోషం చుట్టుకుంటుంది, గ్రహణమనో మైలనో.

పై ఉత్తరంలో నెల్లూరు ఆయనకి చెప్పిన కాటా లెక్కే ఇక్కడా పనికొస్తుంది. రాగి 8.9, ఇరిడియం 22.5. అంటే ఇరిడియం చెంబైతే అదే సైజు రాగి చెంబుకి రెండున్నర రెట్లు బరువుండాలి, కేజీ రాగి చెంబు ఎత్తడం మీకు అలవాటే కదా, అదే చెంబు ఖాళీగా రెండున్నర కేజీలుంటే ఎత్తగానే తెలిసిపోదూ. మీ బావగారు ఆ చెంబుని ఒక్కసారైనా చేతిలోకి తీసుకున్నారా, లేక గాజు పెట్టె అవతలి నుంచే చూశారా, అది అడగండి. రేడియేషన్ ఉంది, ముట్టుకుంటే ప్రమాదం, ప్రత్యేకమైన సూట్ వేసుకున్నవాళ్లే ముట్టుకోవాలి అన్నారంటే అదీ ఆ నాటకంలో భాగమే.

ఆయన్ని తిట్టకండి, చదువుకున్నవాళ్లూ ఉద్యోగాలు చేసినవాళ్లూ చాలామంది ఇందులో పడ్డారు, సిగ్గుపడి బయటికి చెప్పకపోవడం వల్లే ఆ ముఠాలు బతుకుతున్నాయి. ఇచ్చిన రెండు లక్షలకి ఏ కాగితం ఉన్నా, ఫోన్లో ఏ మెసేజ్ ఉన్నా చెరిపేయొద్దని చెప్పండి, బ్యాంకు నుంచి పంపిన డబ్బైతే ఆ వివరాలు తీసి పెట్టుకుని సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, చేతికి ఇచ్చిందైతే నేరుగా పోలీస్ స్టేషన్‌కే వెళ్లండి. యాభై వేలు ఎప్పటికి అడిగారో రాయలేదు మీరు, పత్రిక మీ చేతికి వచ్చేసరికి ఆలస్యం అవుతుందేమోనని ఈ జవాబు మీ అడ్రసుకి ముందే పోస్టు చేశాం.